పొరుగింటి పెద్దావిడ పెట్టిన పేరు

ప్రశ్న: మేము ఆరేళ్ళుగా నైజీరియాలోని లేగోస్‌లో ఉంటున్నాం. రెండు నెలల క్రితం మాకు పాప పుట్టింది. మోకాళ్ళ ఆపరేషన్ కావడంతో మా అమ్మ పురుటికి రాలేకపోయింది. మా పక్క ఫ్లాట్‌లో, నర్సుగా పనిచేసి రిటైరైన ఒక ఇగ్బో పెద్దావిడ ఉంటారు. ఆవిడే నెల రోజులపాటు రోజూ ఉదయాన్నే వచ్చి, పాపకు నీళ్ళు పోసి, నా పొట్టకు వేడినీళ్ళ కాపడం పెట్టి, ఎండుచేప వద్దంటే మానేసి, ఘాటైన మిరియాల పులుసులో పెండలం దుంపలు ఉడికించి తినిపించారు. పాపను ఆవిడ మొదటి రోజు నుంచీ ‘న్గోజి’ అని పిలుస్తున్నారు. ఆ పేరు తానే పెట్టానని అందరికీ చెప్పుకుంటున్నారు. పాపది ఆరుద్ర నక్షత్రం మూడో పాదం. ‘ఙ’ అక్షరంతో పేర్లు ఉండవు కనుక ‘గ’తో పెట్టుకోమని పురోహితులు చెప్పారు, గాయత్రి అని నిశ్చయించాం. రెండో పేరుగా న్గోజి కూడా చేర్చాలని నాకూ మావారికీ ఉంది. అయితే మా మరిది ఇంటర్నెట్‌లో వెతికి, అది పగబట్టి తిరిగే ఆత్మ పేరని ఒకచోట, తోలు అని ఇంకోచోట ఉందని తెనాలిలో ఉన్న మా అత్తయ్యగారికి చెప్పాడు. ఆవిడ రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. ఈ పేరుకు అసలు అర్థం ఏమిటి? ఎక్కడి నుంచి వచ్చింది? ఇప్పటికీ పెట్టుకుంటున్నారా, పాతబడిపోయిందా? మూడో నెలలో బారసాల. పెద్దవాళ్ళకు ఎలా నచ్చజెప్పాలి?

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తయ్యగారికి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పండి: ఇగ్బో భాషలో ఆ పేరుకు అర్థం ‘దీవెన’. మిగిలిన వివరాలన్నీ తరువాత నిదానంగా చెప్పవచ్చు, కానీ ఆవిడ ఈ పూట అన్నం తినాలంటే ఈ మాట చేరడం అవసరం. మన దగ్గర కూడా ఆడపిల్లలకు దీవెన అనే పేరు ఉంది. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ క్రైస్తవ కుటుంబాల్లో దీవెన, ఆశీర్వాదం అనే పేర్లు పెట్టుకోవడం మీ అత్తయ్యగారికి తెలియనిది కాదు. ఆ పెద్దావిడ మీ పాపను రోజూ పిలుస్తున్నది అచ్చంగా ఆ పేరుతోనే, తన భాషలో.

ఈ పేరు ఎలా పుట్టిందో చూస్తే సందేహానికి తావుండదు. ఇగ్బోలో ‘గోజియె’ అంటే దీవించు అని అర్థం. ‘చుక్వు గోజియె గి’ అంటే దేవుడు నిన్ను దీవించుగాక అని. మీరు లేగోస్‌లో ఆరేళ్ళున్నారు కనుక, ఆ పెద్దావిడ ఇంటికి వచ్చేటప్పుడో వెళ్ళేటప్పుడో ఈ మాట అనగా వినే ఉంటారు. క్రియ నుంచి నామవాచకం తయారుచేయాలంటే మనం మాట చివర మార్పు చేస్తాం: దీవించు నుంచి దీవెన, కోరు నుంచి కోరిక, ఓర్చు నుంచి ఓర్పు. ఇగ్బోవారు అదే పనిని మాట మొదట్లో చేస్తారు. క్రియకు ముందు ముక్కుతో పలికే ఒక చిన్న ధ్వనిని చేర్చగానే అది నామవాచకమవుతుంది. ‘చెతా’ అంటే గుర్తు తెచ్చుకో, ‘న్చెతా’ అంటే జ్ఞాపకం. ‘జోపుతా’ అంటే రక్షించు, ‘న్జోపుతా’ అంటే రక్షణ. అదే పద్ధతిలో గోజియె నుంచి న్గోజి వచ్చింది. అంటే ఇది ఎక్కడినుంచో అరువు తెచ్చుకున్న పేరు కాదు, అర్థం మరుగునపడిన పాత పేరూ కాదు. ఇగ్బో మాట్లాడే కోట్ల మందిలో ఎవరిని అడిగినా, చదువు లేనివారైనా సరే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా దీని అర్థం చెబుతారు.

ఇక మీ మరిది చూసిన విషయం. ఆయన అబద్ధం చెప్పలేదు, ఆయన చదివిన మాటలు నిజంగానే ఉన్నాయి. అయితే అవి వేరే భాషల మాటలు. జింబాబ్వేలోని షోనా భాషలో ఇవే అక్షరాలతో రాసే మాట ఒకటి ఉంది. అన్యాయంగా హతమైన మనిషి ఆత్మ, చంపినవారి కుటుంబాన్ని వెంటాడి, జరిగినదానికి పరిహారం ముట్టేదాకా వదలదని షోనా ప్రజల నమ్మకం. ఆ ఆత్మను వారు ఆ మాటతో వ్యవహరిస్తారు. (నిజానికి అది కూడా భయపెట్టడానికి పుట్టిన నమ్మకమని నేను అనుకోను; జరిగిన తప్పును కుటుంబమంతా ఒప్పుకుని సరిదిద్దుకోవాలని పట్టుబట్టే నమ్మకం అది. కానీ పసిపాపకు పేరు పెట్టే సందర్భంలో ఆ సంగతి ఎవరికీ ఊరట ఇవ్వదు.) కెన్యాలో, టాంజానియాలో మాట్లాడే స్వాహిలీ భాషలో ఇదే మాటకు చర్మం అని, తోలు అని అర్థం. మలావీలోనూ జాంబియాలోనూ వినిపించే చిచేవా భాషలో దీని అర్థం ప్రమాదం. దక్షిణాఫ్రికాలో కరెంటు పెట్టెల మీద, ప్రమాదమని ఇంగ్లీషులోనూ ఆఫ్రికాన్స్‌లోనూ రాసిన వరుస కిందనే, జులూ భాషలో ‘ఇంగోజి’ అని రాసి ఉంటుంది. బురుండీ ఉత్తర భాగంలో ఈ పేరుతో ఒక పట్టణం కూడా ఉంది.

ఈ భాషలన్నీ బాంటూ శాఖకు చెందినవి, తూర్పు, దక్షిణ ఆఫ్రికాలలో వ్యాపించినవి. ఇగ్బో పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాలో, నైజర్ నదికి ఇరుపక్కలా ఉన్న ప్రాంతం. నేటి నైజీరియాలోని అనంబ్రా, ఎనుగు, ఇమో, అబియా, ఎబొన్యి రాష్ట్రాలు, వాటితోపాటు డెల్టా రాష్ట్రంలో కొంత భాగం. ఇగ్బో బాంటూ శాఖలోనిది కాదు. మూలాల్లోకి వెళితే ఎప్పుడో విడిపోయిన చాలా దూరపు చుట్టరికం ఉందంతే. రెంటి మధ్య వేల కిలోమీటర్ల దూరం, వేల ఏళ్ళ ఎడబాటు ఉన్నాయి. ‘అండ’ అంటే మనకు ఆసరా. అదే మాట హిందీ తప్ప మరొకటి రానివారి చెవిన పడితే కోడిగుడ్డు అనుకుంటారు. ‘నీకు నేను అండగా ఉంటాను’ అని ఒక తెలుగు తల్లి కూతురితో అంటే, ఆ మాటకు అర్థం చూడవలసింది తెలుగులోనే కదా. ఏ నిఘంటువు తెరవాలో పేరు పెట్టిన మనిషి భాష చెబుతుంది. ఆ పెద్దావిడ ఇగ్బో, పెట్టింది ఇగ్బో పేరు, దాని అర్థం దీవెన. పేర్ల అర్థాలు చెప్పే వెబ్‌సైట్లు చాలావరకు భాష పేరు రాయకుండా ‘ఆఫ్రికా పేరు’ అని ఒకే గాటన కట్టేస్తాయి. రెండు వేలకు పైగా భాషలున్న ఖండాన్ని ఒకే ఊరిలా చూడడం వల్లే మీ ఇంట్లో ఇంత కలత రేగింది. ఈ సంగతి మీ మరిదికి నెమ్మదిగా చెప్పండి. ఆయన వెతికింది పాప మీద ప్రేమతోనే.

ఇగ్బోవారికి పేరంటే ఒక వాక్యం. ఇది తెలిస్తే మీ పాప పేరు ఇంకా బాగా అర్థమవుతుంది. చుక్వుఎమెకా అంటే ‘దేవుడు గొప్ప మేలు చేశాడు’, చిది అంటే ‘దేవుడున్నాడు’, న్నెకా అంటే ‘తల్లే గొప్పది’, న్నమ్ది అంటే ‘నా తండ్రి బతికే ఉన్నాడు’. చివరిది సాధారణంగా తాతగారో మరో పెద్దాయనో పోయిన తరువాత పుట్టిన మగబిడ్డకు పెడతారు. 1963లో నైజీరియా తొలి అధ్యక్షుడైన అజికివే పేరు ఇదే. న్కెచి అనే అందమైన చిన్న పేరు నిజానికి న్కెచిన్యెరె, అంటే ‘దేవుడిచ్చినది’. న్గోజి కూడా చాలామంది విషయంలో ఇలాంటి పెద్ద పేరుకు ముద్దుగా కుదించిన రూపమే. న్గోజిచుక్వు అంటే దేవుని దీవెన, న్గోజికా అంటే దీవెనే అన్నిటికన్నా గొప్పది. మీ పాపకు ఆవిడ మనసులో ఉన్నది ఉత్త న్గోజేనా, లేక ఇలాంటి నిండు పేరా అని ఒకసారి అడగండి. అడిగినందుకు ఆవిడ ఎంతో సంతోషిస్తారు. బహుశా ఆ పేరు ఎందుకు తోచిందో కూడా చెబుతారు, అది మీ పాప పెద్దయ్యాక వినవలసిన కథ.

పుట్టిన రోజును బట్టి పేర్లు పెట్టడం వారిలోనూ ఉంది. ఇగ్బో వారానికి నాలుగే రోజులు: ఎకె, ఒరియె, అఫొ, న్క్వొ. ఇవి సంత రోజుల పేర్లు. ఆ రోజుల్లో పుట్టిన మగపిల్లలు ఒకెకె, ఒకొరియె, ఒకాఫొర్, ఒకొంక్వొ అవుతారు. బిడ్డలు దక్కని ఇళ్ళలో పెట్టే పేర్లు కూడా ఉన్నాయి. ఒన్వుబికొ అంటే ‘మృత్యువా, దయచూడు’, ఒజొఎమెనా అంటే ‘ఇలాంటిది మళ్ళీ జరగకూడదు’. పుట్టిన బిడ్డ నిలవాలని పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని, ఎంగిలి విస్తట్లో పొర్లించి పుల్లయ్య అని పేరు పెట్టిన తల్లులు మన పల్లెల్లో ఉండేవారు. మీ అత్తయ్యగారికి ఈ రెండు పేర్లూ చెప్పి చూడండి. ఆ ఇగ్బో తల్లుల బాధ ఆవిడకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ నెల రోజుల సంగతి. ఆ పెద్దావిడ చేసినదానికి ఇగ్బోలో ‘ఒముగ్వొ’ అని పేరుంది. కూతురు ప్రసవించగానే తల్లి, ఆమె లేకపోతే అత్తగారో దగ్గరి బంధువుల్లో పెద్దదిక్కో, మూటాముల్లె సర్దుకుని వచ్చి, బిడ్డకు స్నానం చేయించి, బాలింత పొట్టకు వేడినీళ్ళతో కాపడం పెట్టి, ‘ఉజిజా’ అనే మిరియాల వంటి గింజలు వేసిన వేడి పులుసులో పెండలం వండి పెట్టడం అందులో భాగం. మనింట్లో పురుటి స్నానం, బాలింత కారం ఎలాంటివో ఇవీ అలాంటివే. ఇది ఎవరు పడితే వారు చేసే పని కాదు, డబ్బిచ్చి చేయించుకునేదీ కాదు. మీ అమ్మగారు రాలేకపోయినప్పుడు ఆవిడ వచ్చి ఆ స్థానంలో నిలబడ్డారు. ఇగ్బో కుటుంబాల్లో బిడ్డకు తల్లిదండ్రులు పెట్టే పేరుతోపాటు అమ్మమ్మ, నాయనమ్మ, తాతలు తలా ఒక పేరు పెట్టడం మామూలు. ఒక బిడ్డకు మూడు నాలుగు పేర్లుంటాయి, ఎవరు పెట్టిన పేరుతో వారు పిలుచుకుంటారు. కనుక ఆవిడ ‘ఆ పేరు నేనే పెట్టాను’ అని చెప్పుకోవడం చనువు మితిమీరడం కాదు. అమ్మమ్మ స్థానంలో ఉండి పెట్టారు. మీరు పెట్టిన గాయత్రి అన్న పేరుకు అది పోటీ కాదు.

పాతబడిందా అని అడిగారు. మీకు వార్తల్లో తారసపడి ఉండే ఇద్దరి పేర్లు చెబుతాను. 2021 మార్చి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ డైరెక్టర్ జనరల్‌గా బాధ్యతలు తీసుకున్న ఒకోంజో ఇవేలా పేరు న్గోజి. ఆ పదవిని చేపట్టిన తొలి మహిళ, తొలి ఆఫ్రికన్ కూడా ఆమే. 1954లో ఒగ్వాషి ఉక్వులో పుట్టి, ప్రపంచ బ్యాంకులో పాతికేళ్ళు పనిచేసి, తన దేశానికి రెండు పర్యాయాలు ఆర్థిక మంత్రి అయ్యారు. 1977లో ఎనుగులో పుట్టిన రచయిత్రి చిమమాండా అడిచీ పేరులో మధ్య భాగం న్గోజి. తరువాతి తరంలో, 2015లో కెనడాలో జరిగిన మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కు వెళ్ళిన నైజీరియా జట్టులో ఇద్దరు న్గోజిలు ఉన్నారు, ఒకోబి, ఎబెరె. వారిలో ఒకోబి స్వీడన్ మీద గోల్ కూడా చేసింది. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు మీద బాబ్‌స్లెడ్ నడిపిన నైజీరియా మహిళల జట్టులో న్గోజి ఒన్వుమెరె ఉంది. అమెరికాలో పెరిగిన ఇగ్బో కుటుంబాల పిల్లలు కూడా ఈ పేరును నిలుపుకున్నారనడానికి అదొక ఉదాహరణ.

ఇప్పటి తల్లిదండ్రుల మొగ్గు కొంత మారింది. చిదెరా, సొమ్తోచుక్వు, కొసిసొచుక్వు, మునాచిమ్సొ వంటి పొడుగాటి వాక్యాల పేర్లు కొత్త తరంలో ఎక్కువగా వినిపిస్తున్నాయి. మరికొందరు అదే అర్థాన్ని ఇంగ్లీషులోకి మార్చి ‘బ్లెస్సింగ్’ అని పెడుతున్నారు, దక్షిణ నైజీరియా అంతటా అది బాగా వాడుకలో ఉన్న పేరు. నా ఉద్దేశంలో న్గోజి మన లక్ష్మి లాంటిది. ఈ ఏడాది పుట్టిన పిల్లల్లో తక్కువగా కనిపించవచ్చు, కానీ అది ఏ తరానిదో చెప్పి పక్కన పెట్టగల పేరు కాదు. అమ్మలకూ ఉంది, అమ్మాయిలకూ ఉంది. ఎక్కువగా ఆడపిల్లలకే పెడతారు, అప్పుడప్పుడు మగపిల్లలకు కూడా పెట్టడం ఉంది. ఇగ్బోవారిలో ఎక్కువమంది ఇప్పుడు క్రైస్తవులు, ఇగ్బో బైబిలులో ఆశీర్వాదానికి వాడే మాట కూడా ఇదే, అందుకే ఈ పేరు అంతగా స్థిరపడింది. అయినా మాట ఇగ్బోది, రోజువారీ మాట. దీన్ని పెట్టుకున్నంత మాత్రాన మీ ఇంటి ఆచారానికి ఏ లోటూ రాదు.

ఇక ఉచ్చారణ. ఇక్కడ మీకొక మంచి సంగతి చెప్పాలి. మన పత్రికలు ఈ పేరును ఎన్గోజీ అని రాస్తాయి, నేనూ మొదట్లో అలాగే చదివాను. అందులోని ‘ఎ’ ఇగ్బోలో లేదు, అది ఇంగ్లీషు అక్షరం పేరు మాత్రమే. ‘మంగ’ అన్న మాట పలికి చూడండి. నోట్లోంచి ‘మ’ తీసేసి, మిగిలిన ముక్కు ధ్వనితోనే మొదలుపెట్టి, ‘గో’ మీదికి రండి. ఆ ముక్కు ధ్వనిని ఇగ్బోవారు ఒక విడి అక్షరమంత నిలిపి పలుకుతారు కనుక పేరు మూడు దరువుల్లో వస్తుంది. ‘గో’లోని ఓకారాన్ని నోరు కాస్త ఎక్కువ తెరిచి పలకాలి, ఇగ్బో రాతలో ఆ అక్షరం కింద చుక్క పెట్టేది అందుకే. ఆ మొదటి ధ్వనికి మన వర్ణమాలలో సొంత అక్షరం ఉంది, అదే ‘ఙ’. క ఖ గ ఘ అని దిద్దాక వచ్చే ఐదో అక్షరం. వాఙ్మయం వంటి ఒకటి రెండు మాటల్లో తప్ప జీవితంలో మళ్ళీ దాని అవసరం మనకు రాదు. ఆరుద్ర పాదాలకు కు, ఘ, ఙ, ఛ అక్షరాలు చెబుతారు. మూడో పాదంలో పుట్టిన పిల్లలందరికీ ఏదో ఒక సర్దుబాటు చేసుకోవడం మన ఆనవాయితీ, మీ పురోహితులు కూడా అదే చేశారు. కానీ ఆ పెద్దావిడ పంచాంగం చూడకుండానే మీ పాపకు పెట్టిన పేరు సరిగ్గా ఆ అక్షరంతోనే మొదలవుతోంది: ఙ్గోజి. నక్షత్రాల మాట నమ్మేవారికైనా నమ్మనివారికైనా ఇది ముచ్చటగానే ఉంటుంది. మీ అత్తయ్యగారు నమ్ముతారని మీ ఉత్తరం బట్టి తెలుస్తోంది కనుక ఆవిడకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. ఆవిడ ఇంగోజి అన్నా, గోజి అన్నా దిద్దబోకండి. స్కూలును ఇస్కూలు అని పలికిన నాలుకలు మనవి.

కాగితాల విషయంలో ఒక్క జాగ్రత్త. పాపకు భారత పౌరసత్వం ఉంచాలనుకుంటే, పుట్టిన ఏడాదిలోపు భారత హైకమిషన్‌లో జననం నమోదు చేయించాలి. నైజీరియా జనన ధ్రువపత్రంలో ఏ పేరు, ఏ వరుసలో, ఏ స్పెల్లింగుతో ఉందో అదే అక్కడా, పాస్‌పోర్టులోనూ ఉండాలి. గాయత్రి, ఙ్గోజి రెండూ ఇచ్చిన పేర్ల గడిలోనే రాయించండి. ఇంటిపేరు గడిలోకి ఙ్గోజి వెళ్ళిందంటే ముందు ముందు ఎన్నో అఫిడవిట్లు పెట్టవలసి వస్తుంది. చుక్క లేకుండా ఎన్, జి, ఓ, జెడ్, ఐ అని ఐదు అక్షరాలు రాస్తే చాలు, అందరూ రాసేది అలాగే. ధ్రువపత్రం ఇప్పటికే గాయత్రి అని ఒక్క పేరుతో తీసుకుని ఉంటే, హైకమిషన్‌కు వెళ్ళకముందే దాన్ని సరిచేయించుకోండి.

బారసాల రోజున ఆ పెద్దావిడను ముందు వరసలో కూర్చోబెట్టండి. ఇగ్బో ఇళ్ళలో శుభకార్యం కోలా కాయతో మొదలవుతుంది. ‘కోలా తెచ్చినవాడు ప్రాణం తెచ్చాడు’ అని వారి సామెత. మగవారిలో పెద్దాయన కాయ పట్టుకుని ఒక్కొక్క దీవెన పలుకుతుంటే కూర్చున్నవారంతా ‘ఇసె’ అంటారు, మనం తథాస్తు అన్నట్టు. కాయ మీద దీవెన పలకడం, దాన్ని పగలగొట్టడం సంప్రదాయం ప్రకారం మగవారి పని కనుక, కోలా సంగతి ఎలా చేయాలో ఆవిడనే అడగండి, పాపను మాత్రం తన మాటల్లో దీవించమనండి. తెనాలిలో మీవాళ్ళు వీడియో కాల్‌లో ఉంటారు కనుక, ఇసె అనాలని వారికి ముందే నేర్పి ఉంచండి. అత్తయ్యగారికి ఆవిడను చూపించి, పాపకు నీళ్ళు పోసింది ఈవిడేనని చెప్పండి. ఇద్దరికీ భాష కలవకపోయినా పసిపాప ఒళ్ళో ఉంటే మాటలు వాటంతటవే కుదురుతాయి. మీవారు పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో గాయత్రి అని రాశాక, కింద రెండో వరుసకు చోటు వదలమనండి. ఙ రాయడం ఎవరికీ అలవాటు ఉండదు కనుక ముందురోజు కాగితం మీద ఒకటి రెండుసార్లు రాసి చూసుకోవడం మంచిది. తరువాత ఉంగరం ఆవిడ చేతికిచ్చి, మీ చెయ్యి ఆవిడ చేతి మీద ఉంచి ఙ్గోజి అని రాయించండి.